నత్తల సారు

మా జంతుశాస్త్రం సారు పోయారు. సోమవారం పొద్దున పాలమూరు బస్సు దిగిన పాత స్నేహితుడొకడు, నేను పనిచేసే పశువుల దవాఖానకు వచ్చి, "నత్తల సారు లేడురా ఇగ" అన్నాడు. అప్పుడు నేనొక గొర్రె దవడ కింద నీరు చేరిందేమోనని తడిమి చూస్తున్నాను. చెయ్యి తీయడం కూడా తోచలేదు.

మీలో పాలమూరు కాలేజీలో చదివినవాళ్లుంటే ఆయన తెలిసే ఉంటారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కుంటల్లో దిగి, నత్తలు ఏరుకొచ్చి గాజు సీసాల్లో పెంచేవారు. చూసిన గొర్లకాపరులంతా నవ్వేవాళ్లు. మా బాపు అయితే, "గంత చదువుకున్నోనికి గిదేం పని? చేపలన్న పట్టరాదా?" అన్నాడు. సారు కోపం తెచ్చుకోలేదు. "సబర్ చెయ్యిరా, నత్త తొందరపడదు" అనడం ఆయనకు అలవాటు.

ఒకరోజు రెండు నత్తలను బల్ల మీద పెట్టి, ఏది మంచిగుందో చెప్పమన్నారు. గొర్లు కాసే ఇంటివాణ్ని కదా, లావుదాన్ని టక్కున చూపించాను. సారు రెండింటినీ కోసి, కార్జాలు నలిపి ఒక్కోదాని మీద ఒక అయోడిన్ చుక్క వేశారు. చిన్నదానిది ఎర్రమట్టి రంగుకు తిరిగింది. ఒంట్లో దాచుకున్న సత్తువ ఉన్నట్టు లెక్క. పెద్దదానికి ఆ రంగే రాలేదు.

"దీని లోపల పురుగులున్నయిరా. మస్తు తింటది, ఒంటికి అంటదు. దాచుకున్నదంత పురుగులకే పోతది. ఒక్క గుడ్డు పెట్టదు. పైకి మాత్రం పహిల్వాన్ లెక్క ఉంటది. ఒళ్లు జూసి పానం చెప్పకు బిడ్డా."

ఆ పురుగులే కుంట ఒడ్డు గడ్డితో గొర్రె కార్జంలో చేరతాయని, అప్పుడు దవడ కింద నీరు దిగుతుందని కూడా చెప్పారు. మా మందలో సగం ఎందుకు చచ్చిందో నాకు అప్పుడే తెలిసింది. నేను పశువుల డాక్టర్నయింది ఆయన వల్లనే.

పోయిన నెల సారింటికి వెళ్లాను. బుగ్గలు నిండి, ముఖం గుండ్రంగా కనిపించింది. "సారూ, పింఛను తిండి మంచిగ ఒంటబట్టింది, లావైనరు" అని వేళాకోళమాడాను. ఆయన నవ్వి చాయ్ తాగమన్నారు. అది నీరని, మూత్రపిండాలు చెడ్డాయని నాకు తట్టలేదు. దినాం గొర్రెల దవడలు తడిమేవాణ్ని, నా సారు ముఖం చూసి మోసపోయాను. ఈ బాధ నాకు తీరేది కాదు.

పదకొండో నాడు సారు భార్య ముందర కూర్చుని ఏడ్చేశాను. "నేను గుర్తుపట్టలేదమ్మా. పట్టుంటే హైదరాబాదు దవాఖానకు తీస్కపోతుంటి."

"తన రోగం ఆయనకు ఎరుకే బిడ్డా. నువ్వు పోయినంక మస్తు నవ్విన్రు. 'పిలగాడు వచ్చే నెల వస్తడు గద, కూసోబెట్టి పాఠం మల్ల మొదటికెల్లి చెప్పాలె' అన్నరు."

నేను వెళ్దామని లేచేసరికి ఆ అమ్మ తోటకూర కడిగి సారు నత్తల సీసాల్లో వేస్తున్నారు. అన్నింటికీ ఒక్కో ఆకు వేసి, ఒక సీసాలో మాత్రం గుప్పెడు వేశారు.

"దీనికి పానం బాగలేదు. ఆకలెక్కువ."

నత్త మెల్లగా జరిగి ఆకు అంచు పట్టుకుంది.