మా గనుల మంత్రి చేసిన ఆట

ఇంటర్నెట్‌లో మేము కొందరం సరదాకి ఒక ఉత్తుత్తి దేశం పెట్టుకున్నాం. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు దానికి గనుల మంత్రి. దేశం కోసమని గని ఆటొకటి అతనే తయారుచేశాడు. ఎవరు ఆడబోయినా ముందుగా, "టోకెన్ ఎత్తుకున్నావా?" అని అడిగేవాడు. గనులు మూతపడకముందు, వాళ్ల నాయన షిఫ్టుకు బయలుదేరుతుంటే ఇంట్లోవాళ్లు రోజూ అడిగిన మాటే అది. గనిలో ఎవరున్నారో తెలిసేలా, దిగేటప్పుడు వెంట తీసుకెళ్లి పైకొచ్చాక తిరిగిచ్చే నంబరు బిళ్లే టోకెన్.

ఒకసారి వాళ్లింటికి వెళ్తే, కంప్యూటర్ ముందు వాళ్ల నాయనే కూర్చుని ఉన్నాడు.

"టోకెన్ ఎత్తుకున్నావా నాయనా?" అని మంత్రి అడిగాడు.

"ఎత్తుకున్నానప్పా."

ఆటలో లిఫ్టు గనిలోకి దిగింది. ఆయన తవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపు చూసినా లిఫ్టు తిరిగి పైకి రాలేదు.

"పైకొచ్చే బటన్ యాడ పెట్టినావు?" అని మంత్రిని అడిగాను.

"పెట్టలేదు," అన్నాడు. "పైకొస్తే ఇంగ పని యాడుండాది?"

వాళ్ల నాయన మా వైపు తిరగలేదు. తవ్వుతూనే ఉన్నాడు.