అప్పన్న చోటు

ఏటి అవతలి కూలీలతో ఆడే ఆదివారం ఆట మానేసి, మన కూలి లైను ఇళ్ల చెడుగుడు జట్టు ఈ రోజు మిల్లు దొర పెట్టిన పందేల్లో చేరింది. జ్వరంతో ఉన్న అప్పన్నను చెరుకు కోతకు తోలి చంపింది ఆ దొరే. అప్పటి నుంచి అప్పన్న చోటు ఖాళీగా వదిలి మనవాళ్లు ఆరుగురే ఆడుతున్నారు. దొర పందెంలో మాత్రం ఏడుగురూ ఉండి తీరాలట!

మైదానంలోనే జట్టు పెద్ద రాములును నిలదీశాను.

“అప్పన్న చోట ఆ కొత్త కుర్రాడు సన్నాసిని నిలబెడతావా? సిగ్గు లేదా మావా?”

“నువ్వు కాగితాలు సదివి అరుత్తావు. గెలిత్తే అందరికీ ఒకరోజు పని తప్పుతాది. నానేటి సేసేదిరా?”

ఆట మొదలైంది. ఎవరూ చెప్పకుండానే సన్నాసి పక్కన ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. మిల్లు జట్టు కూతగాడు ప్రతిసారీ ఆ సందులోంచే తప్పించుకుపోయాడు. ఓడిపోయాం. చూడవచ్చినవాళ్లలో ఒక్కరూ తిట్టలేదు.

దెయ్యాలు లేవని కరపత్రాలు చదివి మీకు చెప్పినవాణ్ణి నేనే. అయినా “ఆ సందు మూయండ్రా” అని అరవడానికి నాకు నోరు రాలేదు. గోడ మీద ఈ కాగితం చదివినవాళ్లు చెప్పండి, మీకైతే వచ్చేదా?