నిలబెట్టి తీసిన ఫోటో

నా ఫోన్‌లో మా ఆయన ఫోటోలు రెండు వేలకు పైగా ఉన్నాయి. ఒక్కదానిలో కూడా ఆయన నా వైపు చూడటం లేదు. మగ్గం వైపు చూస్తుంటాడు, తెగిన పోగు వైపు చూస్తుంటాడు, కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. చాలావాటిలో ముఖమే లేదు, చేతులే ఉన్నాయి. ఫోటో అంటే అలాగే తీయాలని నేను నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకోకుండా కొత్తగా వచ్చినవాళ్లందరికీ నేర్పించాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. పుట్టింది పెనుకొండ పక్కన పల్లెలో. మా నాయనకు వాన మీద బతికే నాలుగెకరాల చేను, దాని నిండా కలుపు, ఆ కలుపు తీయడానికి నేను. పెళ్లయి ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి వచ్చాక ముప్పై ఏళ్లు పట్టుదారం కండెలకు చుట్టాను. మా ఎదురింటి అంగన్‌వాడీ టీచరమ్మ ఉద్యోగం అయిపోయాక మధ్యాహ్నాలు తోచక మా వాకిట్లో వచ్చి కూర్చునేది. నీ చేతులకు పనుందిగానీ కండ్లకు లేదు కదా అంటూ నా ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో అక్షరాలు రాసేది. నేను రాట్నం తిప్పుతూనే వాటిని చదివేదాన్ని. అచ్చులు పూర్తయ్యేసరికి ఒక చీరకు సరిపడా కండెలయ్యాయి. ఒత్తులకు మాత్రం నాలుగు చీరలు పట్టింది.

హిందూపురంలో ఉన్న మా కూతురు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది నాకిచ్చింది. నేను తీసిన మొదటి ఫోటో వెదురుబుట్టలో రంగురంగుల కండెలు. అది చూసి కూతురు నన్ను తెలుగువాళ్లు ఫోటోలు పెట్టుకునే ఒక గ్రూపులో చేర్చింది. ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు ఎవరు ఫోటో పెట్టినా పాతవాళ్లు ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాత ఒక్క సవరణ చెప్పాలి. రెండు సవరణలు చెప్పకూడదు, మనిషి బెదిరిపోతాడని. ఊరికే "సూపర్" అని రాసినా ఒప్పుకోరు. నా కండెల ఫోటోకు ఒక పెద్దాయన, రంగులు కళ్లకు చలువగా ఉన్నాయమ్మా, ఈసారి వాకిలి వెలుగు నీ వీపు వెనక కాకుండా పక్కనుంచి వచ్చేటట్టు కూర్చో అని రాశాడు. నేను లేచి అటు కూర్చుని మళ్లీ తీశాను. బుట్టలో పట్టు మెరిసింది. చదవను రాక బతికినన్నాళ్లూ నాకు ఎవరూ అంత నిదానంగా ఏదీ చెప్పలేదు.

రెండేళ్లకు నేను పాతదాన్నయ్యాను. కొత్తవాళ్లు రాగానే నాకు అప్పగించేవాళ్లు, ధర్మవరం అమ్మ చెబుతుందిలే అని. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కేదాన్ని కాబట్టి నాలుగు మాటలకు పావుగంట పట్టేది. అందువల్ల అనవసరమైన మాట రాసేదాన్ని కాదు. ముందు ఫోన్ వెనకున్న గాజును మెత్తటి నూలుగుడ్డతో తుడువు నాయనా, మన చేతుల నూనెంతా దాని మీదే ఉంటుంది అని రాసేదాన్ని. వేళ్లతో బొమ్మను లాగి పెద్దది చేయకు, నువ్వే రెండడుగులు దగ్గరికి పో అని రాసేదాన్ని. మన ఎండకు పన్నెండు గంటలప్పుడు మనుషుల కండ్లు గుంటలుగా కనిపిస్తాయి, పొద్దు వాలేదాకా ఆగు అని రాసేదాన్ని. ఇవన్నీ ఇప్పటికీ మంచి మాటలే. వీటిని నేను వెనక్కి తీసుకోను.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట వేరే ఉంది. మా పక్క పల్లెల నుంచి ఎవరు కొత్తగా వచ్చినా ఇంట్లో పెద్దవాళ్లను గోడకు ఆనించి నిలబెట్టి తీసేవాళ్లు. చేతులు కిందికి వేలాడేసి, గడ్డం ఎత్తి, నేరుగా చూస్తూ, ఊపిరి బిగబట్టి ఉంటారు. ఎందుకో నాకు తెలుసు. మాకు ఫోటో అంటే రేషన్ కార్డుకు, పింఛనుకు, ఉపాధి పని కార్డుకు. అటూ ఇటూ కదిలితే కార్డు రాదని భయం. ఆ భయమే ఫోటోల్లోకి వస్తుంది. అందుకే నేను, "నిలబెట్టి తీయొద్దు. పనిలో ఉన్నప్పుడు తీయి. మొగం లేకపోయినా చేతులు చాలు" అని రాసేదాన్ని. ఎంతమందికి రాశానో నాకే తెలియదు. వాళ్లు అట్లాగే తీసి పెట్టేవాళ్లు, అందరూ మెచ్చుకునేవాళ్లు, నాకు సంతోషంగా ఉండేది.

మా ఆయనకు నిలబడి ఫోటో దిగాలని ఉండేది.

ఒకసారి పెనుకొండలో మా అన్న మనవరాలి పెళ్లికి బయలుదేరుతున్నాం. కొత్త పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, తల దువ్వుకుని వచ్చి నీలంసున్నం కొట్టిన గోడ ముందర నిలబడ్డాడు. చేతులు కిందికి వేలాడేశాడు.

"ఏమే, నన్నొగటి ఇట్ల తీయి" అన్నాడు.

నేను నవ్వాను. "ఏంది, రేషన్ కార్డుకా? పోయి మగ్గం కాడ కూర్చోపో. కిటికీలో ఎలుగు బాగుండాది, మళ్ల పోతాది."

"కొత్త పంచె ముడతలు పడతాదే."

"పడనీ. మొగం నేను తీయనులే, చేతులే తీసేది."

"అయితే పంచె ఎందుకు కట్టినట్టు నేను?" అని గొణుక్కుంటూనే మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు. నేయాల్సిన పనేమీ లేదు, ఊరికే చేతులు పోగుల మీద పెట్టాడు. ఆ ఫోటోకు గ్రూపులో వచ్చినన్ని మెచ్చుకోళ్లు నాకు మరి దేనికీ రాలేదు. బస్సులో కూర్చుని ఒక్కొక్కటీ చదివి వినిపించాను. విని, "నా మొగం చూపిస్తే ఎవురన్నా పిల్లనిస్తామంటారని దాచిపెడతాండావు" అన్నాడు. ముందు సీటులో ఉన్న ఆమె తిరిగి చూసి నవ్వింది.

పెళ్లయిన మరుసటి రోజు పెనుకొండ కోటకు పోయాం. రాతి వాకిలి దగ్గర మళ్లీ నిలబడ్డాడు. ఏమీ అడగలేదు, ఊరికే నిలబడి నా వైపు చూశాడు. నేను చేయి ఊపి, ముందుకు నడువు, మెట్లెక్కు అన్నాను. ఎక్కాడు. పెద్ద పెద్ద బండల మధ్య చిన్నగా తెల్లటి వీపు. అది కూడా మంచి ఫోటో. నేను ఇప్పుడు చెప్పుకోవాల్సింది అదే, అవన్నీ మంచి ఫోటోలే.

ఆ చలికాలంలో ఆయనకు మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున కాఫీ తీసుకుపోతే లేవలేదు.

దినం నాటికి దండ వేయడానికి ఫోటో కావాలి. మా పెళ్లిఫోటో ఎప్పుడో చెదలు తినేసింది. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే బూడిద పూసిన మనిషి వచ్చాడు. అదే పెట్టాం. మా ఆడబిడ్డ దాని ముందర కూర్చుని చాలాసేపు చూసింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకేనేమో, అక్కడున్న అందరికీ వినిపించింది.

"మా అన్న ఇట్లుండేవాడా వదినా? పొద్దస్తమానం ఫోన్ పట్టుకొని తీస్తాంటివే. ఒగటి ల్యాకపాయనా?"

చేతులున్నాయి అని చెప్పనా?

నెల తర్వాత కూతురు నన్ను హిందూపురంలో ఒక స్టూడియోకు తీసుకుపోయింది. స్టూడియో ఆయన నా ఫోన్ తీసుకుని వేలితో జరుపుతూ పోయాడు. మొదట మెచ్చుకుంటూ చూశాడు. పోనుపోను మాటలు తగ్గాయి. చివరికి పక్కకు తిరిగి ఉన్న ఒక ఫోటో ఎంచుకుని, ఇప్పుడు కంప్యూటర్లో తల తిప్పొచ్చు, కండ్లు తిప్పొచ్చు, గంట కూర్చోండి అన్నాడు. మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. కూతురు నా చేయి పట్టుకుంది. నేను ఆ గంటంతా, ఒక్కసారి చూస్తే చాలు, ఒక్కసారి నావైపు చూస్తే చాలు అనుకుంటూ ఉన్నాను.

పిలిచి చూపించాడు. "ఇదోమ్మా, ఇప్పుడు నిన్నే చూస్తాండాడు."

నిజంగానే చూస్తున్నాడు. రెండు కండ్లూ సమానంగా తెరుచుకుని చూస్తున్నాడు. మా ఆయన మనిషిని చూసేటప్పుడు ఎడమ కన్ను సగం మూసేవాడు. చిన్నప్పటి నుంచి సన్నపోగు వెతికిన కన్ను అది. అలా చూస్తే వెక్కిరిస్తున్నట్టు ఉండేది, పెళ్లైన కొత్తలో నేను దానికి అలిగాను కూడా. స్టూడియో ఆయనకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చెబితే కన్ను మూసిపెట్టి ఉండేవాడేమో. నేను చెప్పలేదు. చెప్పి చేయించుకుంటే అది నేను చెప్పిన చూపవుతుందిగానీ ఆయన చూపు కాదు. కూతురు దాన్ని పటం కట్టించి వాళ్లింట్లో పెట్టుకుంది. పిల్ల తప్పేం లేదు. నేను వాళ్లింటికి పోయినప్పుడు ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.

ఏడు నెలలు గ్రూపు తెరవలేదు. ఒక మధ్యాహ్నం టీచరమ్మ వచ్చి, అక్షరాలు వాడకపోతే తుప్పు పడతాయి అని తిడితే తెరిచాను. ఆ రోజే ఆమడగూరు పక్కనుంచి ఒకామె కొత్తగా చేరింది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. మొదటి ఫోటోగా వాళ్ల నాయనది పెట్టింది. గొర్రెల దొడ్డి ముందర, నడి ఎండలో, భుజాన కంబళి, చేతిలో కర్ర, కాళ్లు దగ్గరపెట్టి నిటారుగా నిలబడి ఉన్నాడు ముసలాయన. ఎండకు కండ్లు చికిలించి నేరుగా కూతురిని చూస్తున్నాడు. కింద అందరూ రాశారు. నిలబెట్టొద్దమ్మా అని ఒకరు, గొర్రెలతో నడిచేటప్పుడు తీయి అని ఒకరు, కర్ర పట్టుకున్న చేయి ఒక్కటే తీసినా చాలు అని ఒకరు. మాట కూడా నాదే. నేను రాసినవి వాళ్లకు బాగా వచ్చాయి.

నేను పావుగంట కాదు, గంటసేపు రాశాను. "మీ నాయన నిన్ను చూస్తున్నాడు. ఈ ఫోటో ఎప్పటికీ తీసేయొద్దు. తర్వాత వీళ్లు చెప్పినట్టు ఎన్నైనా తీసుకో. ముందు ఇది భద్రంగా పెట్టుకో."

ఆమె కాసేపటికి జవాబు రాసింది. "అట్లనేమ్మా. కానీ పోయినేడు ఒకాయనకు నువ్వే నిలబెట్టి తీయొద్దని రాసిండావు. పాతవి చదివి నేర్చుకుందామని అన్నీ చూసినా. ఏది నిజం?"

ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను వెనక్కి జరుపుకుంటూ పోయి నా మాటలు నేనే చదువుకున్నాను. నిలబెట్టొద్దు. మొగం లేకపోయినా ఫరవాలేదు. చేతులు చాలు. ఎంత నమ్మకంగా రాశానో. ఆ తర్వాత నాలుగు రోజులు, కండెల పని పక్కన పెట్టి, అలా రాసిన ప్రతిచోటా కింద రాసుకుంటూ వచ్చాను: నేను చెప్పింది సగమే, మీ మనిషిని ఒకసారి నిలబెట్టి, నీ వైపు చూడమని చెప్పి, ఒకటి తీసి పెట్టుకో. కొందరు గ్రూపులో లేరు. కొందరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

గాండ్లపెంట నుంచి ఒకాయన మాత్రం మాటల్లో రాశాడు. వాళ్లమ్మ చెనక్కాయలు వలిచే చేతుల ఫోటో కింద.

"మా అమ్మ ఉగాది ముందర పోయిందమ్మా. నువ్వు చెప్పినట్టే చేతులు తీసినా. చానా బాగుండాది, పటం కట్టించి పెట్టుకున్నాం. నీ దయ."

ముఖం కనిపించేది ఒకటైనా ఉందా నాయనా అని అడిగాను. మొదట నిలబెట్టి తీసింది ఉండేదని, ఫోన్ నిండిపోయిందంటే బాగలేనివి తీసేశాడని, అందులో అదీ పోయిందని రాశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

చుట్టాల ఫోన్లలో వెతుకు, ఊళ్లో పెళ్లిళ్లు జరిగుంటే వాళ్ల వీడియోలు అడుగు, పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు తీసే ఉంటారు, పింఛను కాగితాలు పారేయొద్దు అని రాశాను. నేను మా ఆయన కోసం వెతికిన చోట్లే అవన్నీ. పెనుకొండ పెళ్లి వీడియోలో కూడా నాకు ఆయన ముఖం దొరకలేదని మాత్రం రాయలేదు.

అయిదో రోజు జవాబొచ్చింది. ఎవరిదో సీమంతం వీడియోలో వాళ్లమ్మ ఉందట. మూడు నాలుగు క్షణాలు. ఎవరో పిలిస్తే తల తిప్పి పక్కకు చూస్తోందట.

"మా అమ్మ నన్ను చూడ్ల్యా. ఏం జేయల్ల?"

వెలుగు గురించి అడిగితే చెప్పగలను. దూరం గురించి అడిగితే చెప్పగలను. ఒక్కొక్క అక్షరం వెతికి, అదైనా దాచుకో నాయనా అని రాశాను. ఆయన చదివినట్టు గుర్తు పడింది. ఇంకేమైనా చెబుతానేమో అని ఆయన ఆగినట్టున్నాడు. నా దగ్గర ఇంకేమీ లేదు.