రత్నాకర్ సార్ హామీ పత్రం

మొయినాబాద్ బస్టాపు ఎదుట జిరాక్స్, టైపింగ్ దుకాణం నడిపే అరుణశ్రీకి కథల్లో చావులంటే పడదు. ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్ని తప్పులతో సహా ఉన్నదున్నట్టు కొట్టి ఇస్తుంది. ఫామ్‌హౌసుల కిరాయి కాగితాల్లో కామా కూడా ముట్టుకోదు. రత్నాకర్ సార్ కథ చేతికొస్తే మాత్రం ఆమె వేళ్ళు ఊరుకోవు.

సార్ రిటైరైన తెలుగు పంతులు. వయసు అరవై ఎనిమిది. వర్ధమాన రచయితలకు ఒకపేజీ కథల పోటీ ఎక్కడ పెట్టినా ఆయన కథ వెళ్ళాల్సిందే. పుస్తకం వేసినవాళ్ళు పోటీకి అనర్హులు కాబట్టి, ఇన్నేళ్ళుగా పుస్తకం వేయకుండా జాగ్రత్తపడుతూ వర్ధమానుడిగానే ఉండిపోయారు. ఆయన కథలో ఆఖరి పేరాకల్లా ఎవరో ఒకరు పోవాలి. రైతు పోతాడు, రైతు భార్య పోతుంది. ఒకసారి మనుషులెవరూ మిగలక ఎద్దు పోయింది.

అరుణశ్రీకి ఒళ్ళు మండి ఆ ఎద్దును బతికించింది. సార్ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. బహుమతీ రాలేదు, ఆయన ఏమీ అనలేదు. చదివి ఉండరనుకుంది. మరుసటి ఏడు, చావబోతున్న ముసలమ్మను మంచం మీద లేపి కూర్చోబెట్టి, చాయ్ ఏదని కోడలి మీద అరిపించింది. దానికి మొదటి బహుమతి వచ్చింది. సభలో కథ చదువుతూ, పోవాల్సిన మనిషి చాయ్ అడిగేసరికి సార్ గొంతు తడబడింది. జనం పడీ పడీ నవ్వారు. ఇది ఆరేళ్ళ కిందటి మాట.

అప్పటి నుంచి "ఆఖర్ల జర సూస్కొని కొట్టు బిడ్డా" అంటారాయన. అంతకుమించి మాట లేదు. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు ముగింపు ఆమెది, శాలువా ఆయనది. కథకు జతచేసే హామీ పత్రం కూడా ఆమే కొట్టేది: 'ఈ కథ పూర్తిగా నా సొంతం, దేనికీ అనుకరణ కాదు.' సిగ్గులేని కాగితమంటే అదే.

ఈ ఏడు ఆమె సొంతంగా ఒక కథ రాసింది. చేవెళ్లలో బంతిపూలు అమ్మే తన తల్లి అంతమ్మ మీద, ఒక్క పేజీ. తన పేరుతోనే పోటీకి పంపింది. ఎంపికైన కథలన్నీ పుస్తకంగా వేస్తారట. పెళ్ళి పత్రిక తర్వాత అరుణశ్రీ పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఒక్కసారి చూసుకోవాలని ఆమె కోరిక.

పదిహేను రోజులకు పోటీ నిర్వాహకురాలు సమత ఫోన్ చేసింది.

"కథ మంచిగున్నది మేడం. కానీ అచ్చం రత్నాకర్ గారి స్టైలే అని జడ్జీలకు డౌట్ వచ్చింది. ముగింపైతే ఆయనదే అంటున్నరు. మీరు ఆయన కథలు టైప్ చేస్తరంట గదా? మీది కాపీ కాదని ఆయనతోని లెటర్ రాయించుండ్రి. రేపటిలోపల రాకుంటే లిస్టులకెల్లి తీసేస్తరు."

తన వస్తువును తానే దొంగిలించిందట! అరుణశ్రీకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే ఎక్కువ.

కబురందగానే సార్ వచ్చారు. "గంతేనా? నువ్వే కొట్టు, సంతకం పెడత" అన్నారు ధీమాగా.

ఆమె కొట్టి, ప్రింటు తీసి ఆయన ముందు పెట్టింది. 'ఆరేళ్ళుగా నా కథల ముగింపులన్నీ అరుణశ్రీ రాసినవే. ఆ శైలి ఆమెదే.'

సార్ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. మెహిదీపట్నం బస్సు వచ్చి, నిండి, వెళ్ళిపోయింది.

"గిట్ల రాస్తే రేపటి సంది నాకెవరన్న నమస్తే పెడ్తరా?"

"తెల్వది సార్. అబద్ధమున్నకాడ కొట్టేయుండ్రి."

ఆయన పెన్ను తీశారు. నిజంగానే కొట్టేశారు, ఒకే ఒక్క మాట. 'ఆరేళ్ళుగా' మీద గీత గీసి, పైన 'ఏడేళ్ళుగా' అని రాసి సంతకం పెట్టారు.

"మొదటిది, ఆ ఎద్దు కథ గూడ సదివిన బిడ్డా. ఇంటికి వోంగనే సదివిన. నాకంటె మంచిగ రాసినవు. ఆ ముచ్చట చెప్పనీకె నాకు నోరు రాలె."

'ఏడేళ్ళుగా' అనే కొట్టి, దిద్దుబాటు లేకుండా ఇంకో ప్రింటు తీస్తానంది అరుణశ్రీ.

"వద్దు" అన్నారు సార్. "గా కొట్టివేత నాది. గట్లనే పోనియ్యి."