మా అత్త బొటనవేలు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, కొలత సరిపోతే అన్నీ సరిపోయినట్టేనని. ఎవరూ నేర్పకుండానే వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నవాణ్ణి కదా, ఆపాటి పొగరుండేది. హుకుంపేట దగ్గర మా ఊళ్లో కాఫీ పళ్ల తొక్క తీసే మిషను ఒక్కటే. కోతలప్పుడు దాని దగ్గర తోపులాట. అందుకని ఎవరి వంతు వాళ్లు ఫోన్లోనే పెట్టుకునేలా ఒక పేజీ చేశాను. బటన్ చిన్నదైతే వేలు పక్కదానికి తగులుతుందని, స్కేలు పట్టుకుని ఊళ్లోవాళ్ల బొటనవేళ్లు కొలిచి, అన్నిటికంటే లావు వేలికి సరిపడా చేశాను. (ఆ లావు వేలు మా మేనత్తది. ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.)

పేజీ మొదలెట్టిన రోజే అత్త బుట్టలకొద్దీ పళ్లు దింపుకుని మిషను దగ్గర కూర్చుంది. ఫోన్లో ఆవిడ వంతు లేదు. కోసిన రోజే తొక్క తీయకపోతే పళ్లు కుప్పలోనే వేడెక్కి పులిసిపోతాయి, ఏడాది కష్టం మట్టిపాలు. "నొక్కేన్రా! గట్టిగా నొక్కేను!" అని అత్త. మిషను నడిపే మా బావ, ఆవిడ కొడుకే, "ఏటోయ్, నీ పేజీ మా అమ్మ వేలు మింగేసిందేటి?" అని నవ్వు.

"మళ్లీ నొక్కత్తా, చూస్తాను" అన్నాను. అత్త వేలు కొంగుకి తుడుచుకుని, బటన్ మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. వేలు తీయదే! అక్షరాలు కాపీ చెయ్యమంటావా అని ఫోను అడుగుతోంది. "అంతసేపు ఎందుకత్తా?" అంటే, "రేషన్ డిపోలో వేలిముద్ర మిషను కుయ్‌మనేదాకా తియ్యొద్దంటారు కదేటి!" అంది. వెనకున్నవాళ్లంతా తలలూపారు. వాళ్లవీ పడలేదు. ఇలా తాకి అలా తీసే వేలినే నా పేజీ లెక్కలోకి తీసుకుంటుంది. నేను వెడల్పు కొలిచాను గానీ ఓపిక కొలవలేదు.

అక్కడే గోనెసంచి మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ కాపీ గొడవ రాకుండా ఆపి, వేలు ఆనగానే వంతు పడేలా మార్చాను. వెంటనే బావ కేక పెట్టాడు: "ఒరే, పేజీ పైకి తోస్తంటే నాకు వంతులు పడిపోతన్నాయి! నాకు తోటే లేదురా!" మళ్లీ మార్చాను. వేలు జారకుండా కాసేపు నిలిస్తే కుయ్‌మంటుంది, ఎత్తాక వంతు పడుతుంది. జారితే లేదు. త్వరగా తాకి తీసినా సరే.

అత్త వేలు ఆనించింది. కుయ్‌మంది. "ఆ! ఇప్పుడు పలికింది!" అని అత్త మొహం వెలిగిపోయింది.

పొద్దు వాలకముందే అత్త పళ్లన్నీ తొక్క వదిలి, గింజలు నీళ్లతొట్టి అడుగున తెల్లగా మెరిశాయి. అత్త తడిచేత్తో నా భుజం పట్టుకుని చిన్నగా అంది: "బాగా సేసినావు గానీ, నా వేలిముద్ర జాగర్తరా. ఎవళికీ ఇచ్చీకు."

ఫోను అద్దానికి వేలు తగిలిందనే తప్ప ఎవరిదో తెలియదని, ముద్ర ఎక్కడా దాచుకోదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహం చూసి మూసుకున్నాను. "ఎవరికీ ఇవ్వనత్తా" అన్నాను. (అబద్ధమేం కాదు, లేనిది ఎలా ఇస్తాను?) ప్రతిదీ ఆధారాలతో సహా విడమర్చందే ఊరుకోని ఆ కుర్రాడు, అదే అప్పటి నేను, ఆ సాయంత్రం ఎలా ఊరుకున్నాడో నాకిప్పటికీ అంతు చిక్కదు. ఎక్కడైనా ఎదురుపడితే వాడికో గ్లాసు కాఫీ ఇప్పించాలనిపిస్తుంది.