బందరు చేప ఎక్కడిది

మా మెస్సు తిరువూరు బస్టాండుకు దగ్గర్లో, ఒక సందు మొదట్లో ఉండేది. మా అత్తగారు మొదలుపెట్టిన మెస్సు అది. నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకు ఆవిడ మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేక గరిటె నా చేతికిచ్చారు. అప్పటినుంచి వంట నాది, బజారు పని, వడ్డన, వచ్చినవాళ్ళతో కబుర్లు మా ఆయనవి. గుమ్మం పైన రేకు బోర్డు మీద ఎర్ర రంగుతో ‘బందరు చేపల పులుసు’ అని రాసి ఉండేది. ఆ పులుసు కోసం గంపలగూడెం నుంచి కూడా మోటారు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు.

ఎండాకాలం మాకు మంచి గిరాకీ. విస్సన్నపేట తోటల్లో మామిడి కోతలు మొదలయ్యేవి. వ్యాపారులు, లారీ డ్రైవర్లు, కాయలు కోసేవాళ్ళు, అందరూ మా ఊరి మీదుగానే తిరిగేవాళ్ళు. నేను పుల్లటి కాయ తొక్కతోనే కోసి వంజరం ముక్కల పులుసులో వేసేదాన్ని. ఆ వాసన సందు చివరిదాకా వెళ్ళేదని మా ఆయన చెప్పేవారు. ఆయన కాస్త ఎక్కువ చేసి చెప్పే మనిషే కానీ, ఆ ఒక్క విషయంలో నేనెప్పుడూ కాదనలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఊరి ఆడపిల్లల హైస్కూలుకి ఒక సైన్సు టీచరు బదిలీ మీద వచ్చింది. బందరు పక్క సముద్రం ఒడ్డున పల్లెకారుల ఊరు ఆవిడది. ఆ ఊళ్ళో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల తనేనట. ఇక్కడ గది తీసుకుని ఒక్కతే ఉండేది. ఆదివారం పూట మా దగ్గరికి భోజనానికి వచ్చేది. చేప ముల్లు తీయడంలో ఆవిడ వేళ్ళు కదిలే తీరు చూడ్డానికి నేను వంటింట్లోంచి తొంగి చూసేదాన్ని.

ఒక ఆదివారం ఆవిడ రెండు ముద్దలు తిని ఆగిపోయింది. నేను కంగారుగా బయటికి వచ్చాను.

“ఉప్పు తక్కువైందా అండీ?”

“అన్నీ సరిపోయాయండి. పులుసు మా అమ్మ చేసినట్టే ఉంది. ఈ చేప ఎక్కడిది?”

“బందరుదండి.”

“ఇప్పుడు బందర్లో చేప ఉండదండి.” ఆవిడ నెమ్మదిగానే అంది. “చేపలు గుడ్లు పెట్టే రోజులని గవర్నమెంటు వాళ్ళు వేట ఆపేశారు. మా అన్నయ్య పడవ ఒడ్డుకు లాగేసి, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఊళ్ళో ఎవ్వరూ సముద్రంలోకి వెళ్ళడం లేదు.”

పక్క బల్ల మీద సాంబారు పోస్తున్న మా ఆయన ఇటు తిరిగారు. “మరి ఈ చేప ఎలా వచ్చిందండీ, నడిచొచ్చిందా?”

“అదే నేనూ అడుగుతున్నా సార్,” అని ఆవిడ నవ్వింది. కానీ ఆ నవ్వు వెనకాల ఏదో బాధ ఉన్నట్టు నాకనిపించింది. చేతులు కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి చెప్పింది. తన అన్న పని లేకుండా ఇంట్లో కూర్చుంటే, ఇంకెవరో దొంగచాటుగా వెళ్ళి గుడ్ల చేపను పట్టుకొస్తున్నారేమోనని ఆవిడ అనుమానం. అలా చేస్తే రేపు సముద్రంలో ఎవరికీ ఏమీ మిగలదంది.

వేట ఆపడం అనేది ఒకటుంటుందని నాకు అంతవరకూ తెలియదు. మా మెట్ట ప్రాంతంలో చేప అంటే మార్కెట్లో ఐసు మీద కనిపించేదే. దానికి ముందు అది ఎక్కడ ఉండేదో, ఎవరి వలలో పడిందో ఎవరం అడగలేదు. గుమ్మం పైన బందరు అని రాసుకుని, ఆ బందర్లో ఏం జరుగుతోందో తెలియకపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

మర్నాడు పొద్దున మా ఆయనతో నేనూ మార్కెట్టుకి వెళ్ళాను. మాకు రోజూ చేప ఇచ్చే అతను నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

“తమ్ముడూ, ఈ వంజరం ఎక్కడి నుంచి తెస్తున్నావు?”

“ఎక్కడిదైతే ఏంటక్కా. మొప్ప చూడు, ఎర్రగా ఉందా లేదా?”

“ఉంది. ఎక్కడిదో చెప్పు.”

“బెజవాడ నుంచి.”

“బెజవాడలో సముద్రం లేదుగా.”

అతను తల గోక్కున్నాడు. “అక్కడి షావుకారు ఇస్తాడు, నేను తెస్తా. ఆయనకి ఎవరిస్తారో నాకేం తెలుసక్కా. కావాలంటే నువ్వే వచ్చి అడుగు.”

అతను మాటవరసకు అన్నాడు. నేను మాత్రం వెళ్దామనే అనుకున్నాను. వేసవి సెలవులకు ఊరెళ్ళబోతున్న టీచరుగారు బెజవాడ మీదుగానే వెళ్ళాలి కాబట్టి, నేనూ వస్తానంటే ఎగిరి గంతేసినంత పని చేసింది. మా ఆయన మాత్రం, “మెస్సు నడుపుతున్నామా, సీఐడీ పని చేస్తున్నామా?” అన్నారు. అంటూనే మేం వెళ్ళే రోజు వంట తన మీద వేసుకున్నారు. ఆ రోజు తిన్నవాళ్ళు తర్వాత చాలాకాలం ఆయన వండిన పప్పు గురించి చెప్పుకున్నారు.

తొలి బస్సుకి టీచరుగారూ, నేనూ, చేపలతనూ బయల్దేరాం. బెజవాడ చేపల మార్కెట్టులో అడుగు పెట్టగానే నా చెప్పులు ఐసు నీళ్ళలో జారాయి. టీచరుగారు మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఇంట్లో నడిచినట్టు నడిచింది. ఆవిడ కళ్ళజోడూ, భుజాన సంచీ చూసి షావుకారు మమ్మల్ని ఫిషరీస్ ఆఫీసువాళ్ళనుకున్నాడు. మేం నోరు తెరవకముందే కుర్చీలోంచి లేచి, “లైసెన్సు ఉంది మేడమ్, అన్నీ కరెక్టుగా ఉన్నాయి,” అన్నాడు. ఎవరికో కేకేసి రెండు కూల్ డ్రింకులు తెప్పించాడు.

“మేం ఆఫీసు నుంచి రాలేదండి,” అన్నాను. “తిరువూరులో మెస్సు మాది. మీ చేపే వండుతాం. ఇది ఎక్కడిదో తెలుసుకుందామని వచ్చాం.”

అతను నన్ను చూశాడు, చేపలతన్ని చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. “దీని కోసం బస్సెక్కి వచ్చారా?” అని చాలాసేపు నవ్వాడు. కూల్ డ్రింకులు ఎటూ తెరిచేశారు కాబట్టి తాగమన్నాడు.

నవ్వు ఆగాక అన్నీ చెప్పాడు. ఆ వంజరం, దాంతోపాటు వచ్చే కానాగంత చేపలు బందరువి కావు. పడమటి సముద్రానివి. మంగుళూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో రైలెక్కి వస్తాయి. వాళ్ళకి వేట ఆపేది వానలు మొదలయ్యాక, కాబట్టి ఇప్పుడు అక్కడ పడవలు తిరుగుతూనే ఉంటాయి. వాళ్ళకి ఆపినప్పుడు మన చేప అటు వెళ్తుంది.

టీచరుగారి ముఖం విచ్చుకుంది. “అయితే ఇది దొంగ చేప కాదన్నమాట,” అని గట్టిగా ఊపిరి వదిలింది. నాకు మటుకు నవ్వొచ్చింది. దేశానికి ఆ పక్కన పుట్టిన చేపను మేం ఇన్నాళ్ళూ బందరు చేప అని కొసరి కొసరి వడ్డించాం.

వచ్చిన పని అయిపోయిందనుకుని తిరగబోతుంటే, టీచరుగారు ఒక మూల గంపల దగ్గర ఆగిపోయింది. వాటి నిండా అరచేతిలో సగం లేని పిల్ల చేపలు, వాటి మధ్య అక్కడక్కడ పొట్ట ఉబ్బిన పెద్దవి. ఆవిడ ఒకదాన్ని తీసి పొట్ట నొక్కింది. జన, లోపలి గుడ్ల ముద్ద, బయటికి వచ్చింది.

“ఇవి?”

షావుకారు గొంతు తగ్గించాడు. “అవి మన వైపువే. రాత్రిపూట చిన్న పడవల్లో వెళ్ళి తెచ్చేవాళ్ళు కొందరుంటారు. కొనేవాళ్ళున్నారు, తెస్తున్నారు.”

ఆ కొనేవాళ్ళలో మేమూ ఉన్నాం. సాయంత్రం పూట మా మెస్సులో పిల్ల చేపల వేపుడు పెట్టేవాళ్ళం. ఆటోవాళ్ళకి అదంటే ప్రాణం. టీచరుగారు చేపను గంపలో పెట్టేసి చేతులు కడుక్కుంది. బందరు బస్సెక్కుతూ, “అక్కా, ఆ పిల్ల చేపలు పెద్దవైతే మా అన్నయ్యకి ఎన్ని బుట్టలు,” అంది. అప్పటిదాకా నన్ను అండీ అనేది. అక్కా అని పిలవడం ఆ రోజే మొదలు.

ఇంటికొచ్చి మా ఆయనతో మాట్లాడాను. వేపుడు ఆపేద్దామంటే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండో మాటకే గొడవైంది. బందరు చేప మళ్ళీ వచ్చేదాకా చెరువు చేప వండుదామనీ, ఏ రోజు చేప ఎక్కడిదో పలక మీద రాసి గుమ్మం దగ్గర పెడదామనీ అన్నాను.

“చెరువు చేప అని మనమే రాస్తే ఎవడు తింటాడే?”

“నోట్లో పెట్టుకున్నాక తింటారు.”

“పెట్టుకునేదాకా?”

ఆయన అంటుండగానే సుద్ద తీసి రాశాను. ‘ఈ వేళ: శీలావతి. కైకలూరు చెరువుది. మామిడికాయతో.’ మొదటి రోజు విస్సన్నపేట మామిడి వ్యాపారి ఒకాయన, మాకు పాత ఖాతాదారు, పలక చదివి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఇన్నాళ్ళూ నేను తిన్నది బందరుది కాదా?” అని అడిగాడు. కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు అని చెప్పాను. ఆయన చెప్పులు విడిచి, “నిజం చెప్పావు గాబట్టి కూర్చుంటున్నా,” అని లోపలికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అందరూ ఆయనలా లేరు. ఆ వారం బల్లలు సగం ఖాళీగానే ఉన్నాయి. ఆటోవాళ్ళు వేపుడు లేదని అలిగి పక్క సందుకి పోయారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి వచ్చి ఆట పట్టించడం మొదలెట్టారు. “అమ్మా, ఈ కోడి ఏ ఊరిది? రాయలేదే?” అన్నాడు ఒకతను. నిజమే కదా అనిపించి మర్నాడు అదీ రాశాను. ‘కోడి: వినగడప.’ దాంతో గంపలగూడెం నుంచి వచ్చే కుర్రాళ్ళకి పౌరుషం వచ్చింది. తమ ఊళ్ళో కోళ్ళు లేవా అని ఒకడు నిజంగానే రెండు పుంజుల్ని సంచీలో వేసుకొచ్చాడు. పలక చదవడానికే ఆగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆగినవాళ్ళలో సగం మంది కూర్చునేవాళ్ళు. మా ఆయన కూడా పలక తన ఆలోచనే అన్నట్టు మాట్లాడడం మొదలెట్టారు.

వేట తిరిగి మొదలయ్యే రోజుకి టీచరుగారు మమ్మల్ని వాళ్ళ ఊరు రమ్మంది. మెస్సు మూసి వెళ్ళాం. మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ సముద్రం చేప కొంటున్న మనిషి. సముద్రం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి నాకు బస్సులో చెప్పారు. ఇసుక తిన్నె ఎక్కి దిగగానే ఆయన ప్యాంటు మడుచుకుని నీళ్ళ అంచున నిలబడి, అల వచ్చిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తూ, మళ్ళీ ముందుకు వస్తూ ఉండిపోయారు.

పడవలు తిరిగొచ్చాక టీచరుగారి అన్నగారు వల పరిచి చూపించారు. మనిషి నల్లగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేవారు. వల కన్ను లోంచి నా రెండు వేళ్ళు దూర్చమన్నారు. సులువుగా దూరాయి. “ఈ సందులోంచి పిల్ల చేప పోతుందమ్మా. పోవాలి కూడా,” అన్నారు. ఆ రోజు పడినవాటిలో ఒక పెద్ద వంజరాన్ని తీసి మా ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు.

అక్కడే ఒక ఏర్పాటు చేసుకున్నాం. అన్నగారు తన పడవ చేపను ఐసు పెట్టెలో బందరు బస్సులో బెజవాడకి పంపుతారు. రోజూ సరుకు కోసం బెజవాడ వెళ్ళే మా చేపలతను దాన్ని అందుకుని తిరువూరు తెస్తాడు. ముందు అతను మూతి ముడిచాడు. మధ్యలో తనకి పని ఉంటుందని తెలిశాక సర్దుకున్నాడు. కొన్నాళ్ళకి మా ఊరి మార్కెట్టులో అతని దగ్గరా జనం అడగడం మొదలెట్టారు, ఇది ఏ సముద్రం, ఎవరి పడవ అని. అతను తడుముకోకుండా చెప్పేవాడు. తెలియనివాటిని తెలియదని చెప్పేవాడు. పిల్ల చేపల గంప మటుకు మళ్ళీ తేలేదు.

మరుసటి ఏడు మళ్ళీ వేట ఆగే రోజులొచ్చాయి. అన్నగారు ఇంట్లో ఖాళీగా ఉన్నారని టీచరుగారు మాటల్లో అంది. పక్కనే భోంచేస్తున్న మామిడి వ్యాపారి విని, “మా తోటల్లో మనుషులు చాలక చస్తున్నాం. ఆయన్ని రమ్మను తల్లీ,” అన్నాడు. అలా సముద్రం మనిషి మా మెట్టకి వచ్చారు. మా ఎండకి మొదటి రోజే తల పట్టుకున్నారు. గాలి లేదు, ఇదేం ఊరు అన్నారు.

మూడో నాటికి తోటలో ఆయన పేరు మోగిపోయింది. కాయ కింద పడి దెబ్బ తినకుండా కోయడానికి పొడవాటి గెడకు చిక్కం కడతారు, చిన్న వల సంచీలాంటిది. అక్కడి చిక్కాలన్నీ చిరిగి ఉన్నాయట. ఆయన ఒక చెట్టు కింద కూర్చుని వాటిని విప్పి, వల అల్లినట్టు మళ్ళీ అల్లి ఇచ్చారు. పక్క తోటలవాళ్ళు కూడా తమ చిక్కాలు పట్టుకుని వచ్చారు. రోజూ సాయంత్రం మా మెస్సుకి వచ్చి, సముద్రం చేప లేని ఆ రోజుల్లో వినగడప కోడితో అన్నం తిని, చెరువు చేప వద్దని తల అడ్డంగా ఊపేవారు. “దానికి ఉప్పు తెలీదమ్మా,” అనేవారు. ఆ ఒక్క విషయంలో చెల్లెలి మాట కూడా వినలేదు.

వేట మొదలయ్యే ముందు ఆయన పడవ మీద పనిచేసేవాళ్ళందరికీ రెండు బుట్టల మామిడి పళ్ళు కట్టుకుని వెళ్ళారు. కొన్ని రోజుల తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి మా ఎదురు కిరాణా షాపుకి ఫోను చేసి మమ్మల్ని పిలిపించారు. పెట్టె పంపుతున్నాననీ, అందులో వంజరం బాగా పడిందనీ చెప్పారు. పళ్ళు పడవలోనే తిన్నారట. సముద్రంలో ఉన్నంతసేపూ వలలు కూడా మామిడిపండు వాసనే వేశాయని చెప్పి నవ్వుతుంటే, అటువైపు గాలి హోరు ఫోనులో మాకు వినిపించింది.