హర్మీనా ఇంటి దుంపతొక్కలు

హర్మీనా పొదుపరి. ఆర్నెమ్ ఊళ్లో, క్లారెన్‌దాల్ పేటలో, ఆ మాట మెచ్చుకోలుగా కన్నా దెప్పిపొడుపుగానే ఎక్కువ వినపడేది. ట్రాము కండక్టరుగా పనిచేసే భర్త పోయాక, చిరిగిన చొక్కా కాలర్లు తిరగేసి కుట్టి పొట్ట పోసుకునేది. కాల్చిన అగ్గిపుల్లను కూడా దాచి, ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి మంట అందించడానికి వాడుకునేది. ఆ పొదుపే తన కొంప ముంచగలదని ఆమెకు రెండేళ్లపాటు తెలియనే లేదు.

ఆ రెండేళ్లూ ఆమె అటక మీద ఎస్తేర్ ఉంది. అంతకుముందు ఎస్తేర్ సంతలో ఊరబెట్టిన దోసకాయలు అమ్మేది. ఆమె కేక వేస్తే సంత ఈ కొసనున్న పావురాలు ఆ కొసకు ఎగిరిపోయేవి. జర్మన్లు ఊరిని ఆక్రమించి, ఆమెలాంటి యూదులను ఇళ్లలోంచి పట్టుకుపోతున్న రోజుల్లో, చేతిలో ఒక్క సంచితో వచ్చి తలుపు తట్టింది. హర్మీనా లోపలికి రమ్మని, ఒకే ఒక్క షరతు పెట్టింది. గొంతెత్తకూడదు. పక్కింటికీ తమకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడే మరి. పాపం, అంత నోరున్న మనిషి గుసగుసల్లోనే నవ్వింది, గుసగుసల్లోనే ఏడ్చింది. సూప్‌లో ఉప్పు చాలకపోతే గుసగుసగానే తిట్టింది కూడా.

"ఇంట్లో ఎంతమంది?" అని రొట్టెలవాడు అడిగినా పోలీసు అడిగినా, "ఒక్కదాన్నే" అనేది హర్మీనా. అనీ అనీ నాలుకకు అలవాటైపోయింది.

రెండో ఏడు సెప్టెంబరులో బ్రిటిష్ సైనికులు పారాచూట్లతో దిగారు. ఊళ్లో నది మీదున్న వంతెన కోసం జర్మన్లతో పోరాడారు, ఓడిపోయారు. సగం ఊరు కాలిపోయింది, మొత్తం ఊరు మళ్లీ జర్మన్ల చేతికి చిక్కింది. సోమవారం సాయంత్రానికల్లా ఊళ్లో ఒక్క మనిషి కూడా ఉండకూడదన్నారు. వీధి వీధంతా ఏడుస్తూ మూటలు కట్టుకుంది. హర్మీనాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. ఎస్తేర్‌ను వదిలి వెళ్తే సైనికులు ఇల్లిల్లూ గాలించి పట్టుకుంటారు. వెంట తీసుకెళ్తే పట్టపగలు, చేతిలో గుర్తింపు కాగితమైనా లేకుండా, కాపలా సైనికుల ముందు నుంచి నడిపించాలి.

"నువ్వు పోవే. నా రాత ఎట్లా ఉంటే అట్లా అవుతుంది" అంది ఎస్తేర్ గుసగుసగా.

"నీ రాత సంగతి తర్వాత. ముందు ఆ కోటు తొడుక్కో."

అప్పుడే వాకిట్లో తొక్కలబండి గంట మోగింది. గ్రాదుస్ ముసలాయన ఇంటింటికీ తిరిగి, ఆవుల మేతకు బంగాళాదుంపల తొక్కలు పోగుచేసుకునేవాడు. ఆయన గుర్రానికి ఒక కన్ను లేదు, ఒక కాలు కుంటి. అందుకే ఏ సైన్యమూ దాన్ని లాక్కుపోలేదు.

"చెల్లెమ్మా, బండిలో చోటుంది. పైనున్నావిణ్ణి కూడా తీసుకురా" అన్నాడు.

హర్మీనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పైన ఎవరున్నారు? నేనొక్కదాన్నే."

"రెండేళ్ల నుంచీ ఇద్దరు తిన్న తొక్కలు వేస్తున్నావు తల్లీ. ఒక్కదానివే అన్ని దుంపలు తినుంటే ఈ గుమ్మంలో పట్టేదానివా?"

ఆ తొక్కల్ని పొయ్యిలో వేసి కాల్చేయొచ్చన్న ఆలోచనే ఆమెకు ఏనాడూ రాలేదు. "తొక్కలు పారేస్తే పాపం కదా" అంది, ఇంకేమనాలో తెలియక.

"పాపమే. అందుకే నీ తొక్కలు నా బండెక్కగానే పక్కింటివాటిలో కలిపేసేవాణ్ణి. పదండి, పదండి."

ఊరి చివర సైనికుడు బండి ఆపాడు. ముగ్గురి వంకా చూశాడు. రెండేళ్లు ఎండ మొహం చూడని ఎస్తేర్ సుద్దముక్కలా పాలిపోయి ఉంది. హర్మీనా, గ్రాదుస్ కాగితాలు చూపించారు.

"ఈమె ఎవరు?"

"మా ఆవిడ" అన్నాడు గ్రాదుస్.

"కాగితాలేవి?"

గ్రాదుస్ కోటు జేబులు తడుముకున్నాడు. అంతలో హర్మీనా పక్కన ఏదో పిడుగు పడ్డట్టయింది.

"ఆయన్నే అడుగు! కొంప కాలిపోతోందిరా నాయనా, సొరుగులో కాగితాలున్నాయి తియ్యిరా అని మొత్తుకున్నా! విన్నాడా? ముందు గుర్రం విప్పాడు! ముప్పై ఏళ్లుగా ఇంతే, ఈయనకి గుర్రం తర్వాతే పెళ్లాం! కాగితాలు బూడిదయ్యాయి, గుర్రం మటుకు నిక్షేపంలా ఉంది! కావాలంటే కాగితాలు దాన్నడుగు, చూపిస్తుంది!"

ఎస్తేర్ గొంతు మొదట బొంగురుగా పలికింది. ఆ తర్వాత సంత గొంతు తిరిగొచ్చింది. వెనకున్న జనమంతా తలలు తిప్పారు. ఎవరో పకపకా నవ్వారు. గ్రాదుస్ తల వంచుకున్నాడు, సిగ్గుతోనో, నవ్వాపుకోలేకో. సైనికుడు చెవి మూసుకుని, ముసలాయన వంక జాలిగా చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

చెట్ల చాటుకు వచ్చాక హర్మీనా బావురుమంది. బతుకుజీవుడా అనుకుంది. ఇల్లు పోయింది, కుట్టుమిషను పోయింది, రేపు ఎక్కడ పడుకుంటామో తెలియదు. అయినా ఆమె గుండె దూదిపింజలా తేలిపోయింది. ఎస్తేర్ మాత్రం ఆగలేదు. గుర్రాన్ని తిట్టింది, రోడ్డులో గుంతల్ని తిట్టింది, వానను తిట్టింది. ఆపమని ఎవరూ అనలేదు.

అడవి అవతల ఒక రైతు ఇంట్లో ఊరొదిలి వచ్చినవాళ్లకు సూప్ పోస్తున్నారు. యుద్ధం ముగిసేదాకా వాళ్లు ఆ ఇంటి పశువులపాకలోనే క్షేమంగా తలదాచుకున్నారు. కానీ ఆ సాయంత్రానికి అదింకా వాళ్లకు తెలియదు. గ్రాదుస్ గిన్నె నింపేసి, రైతు భార్య మళ్లీ గరిటె ఎత్తి అడిగింది.

"ఎంతమందమ్మా మీరు?"

"ఒక్కదాన్నే" అనేసింది హర్మీనా.

"అదేమిటే!" వెనకనుంచి వచ్చిన కేకకు ఇల్లు దద్దరిల్లింది. "మరి నేను లేనూ?"

హర్మీనా కళ్లు తుడుచుకుని రెండు వేళ్లు చూపించింది.